రాని బస్సుకు టైం

2022 నవంబరు 15, మంగళవారం, మధ్యాహ్నం 2 గంటల 50 నిమిషాలకు ఆమె మా అమ్మను "ఏడికి?" అని అడిగింది. అంతకు ముందు ఆమెను ఒకటి రెండు సార్లు చూసి ఉంటాను గాని డైరీలో నమోదు లేదు. కనుక మొదలు ఇదే అనుకోవాలి.

షాంటిలీలోని ఆ సంరక్షణ గృహంలో, మతి తప్పుతున్న వాళ్ళ కోసం విడిగా ఉంచిన కింది అంతస్తులో, అమ్మకు అది ఇరవై నాలుగో రోజు. కోటు గుండీలు ఒక రంధ్రం తప్పించి పెట్టుకుని, చేతిసంచీ భుజాన వేసుకుని, కారిడార్ మధ్యలో నిలబడి ఇంటికి వెళ్ళాలంటోంది. నేను నా అలవాటు ప్రకారం సరిదిద్దాను.

"అమ్మా, ఇది వర్జీనియా. తెనాలి ఇల్లు అమ్మేసి పదకొండేళ్ళయింది. నాన్నగారు పోయి పన్నెండు."

అంకెలు సరిగ్గా చెబితే మనిషి కుదుటపడుతుందని నేను నమ్మేదాన్ని. అమ్మ మొహం మాత్రం నాన్నగారు ఆ క్షణానే పోయినట్టు అయింది. అప్పటికి ఆ వార్త అమ్మకు ఎన్నిసార్లు చెప్పానో డైరీలో ఉంది. ఆ సంఖ్య ఇక్కడ రాయను.

అప్పుడు ఆమె వచ్చింది. నీలం యూనిఫాం, చెవి వెనక పెన్ను. ఎడమ తుంటిని గోడ కమ్మీకి ఆనించి, నేల ఏ క్షణానైనా ఊగుతుందన్నట్టు పాదాలు ఎడంగా పెట్టి నిలబడింది.

"ఏడికి టీచరమ్మా?"

"తెనాలి."

"తెనాల్ల ఏడ దిగుతరు?"

"మార్కెట్ దగ్గర."

"మార్కెట్ కాడ ఇయ్యాల ఏమేం వచ్చినయి?"

అమ్మ ఆలోచించింది. దొండకాయలు వచ్చి ఉంటాయంది. ముదురువి అంటగడతాడు, చూసుకోవాలంది. నాలుగు నిమిషాలకు చేతిసంచీ భుజం నుంచి దిగింది. తొమ్మిది నిమిషాలకు ఆమె మాట్లాడుతూనే కోటు గుండీలన్నీ విప్పేసింది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని దొండకాయ వేపుడు గురించి చెబుతూనే ఉంది.

నాకు కోపం వచ్చింది. పక్కకు పిలిచి, "మా అమ్మకు అబద్ధాలు చెప్పకండి," అన్నాను.

"నేనేం చెప్పలే మేడం," అంది ఆమె. "అడిగిన, అంతే."

ఆమె పేరు ఇక్కడ రాయను. నా డైరీలో కూడా మొదటి కొన్ని నెలలు 'కండక్టరు గారు' అనే ఉంది. జీవితచరిత్రగా నాకు తెలిసినవి మూడే సంగతులు: జగిత్యాల డిపోలో ఇరవై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసింది, అన్న పెట్టిన దరఖాస్తు మీద యాభై దాటాక ఈ దేశం వచ్చింది, కూతురు వద్దంటున్నా వినకుండా, పెద్దవాళ్ళను చూసుకునే ఎయిడ్ కోర్సు చదివి ఈ ఉద్యోగంలో చేరింది. "ఇంట్ల కూసుండి సీరియళ్ళు చూడనీకి ఇంత దూరం రావాల్నా మేడం?" అని ఒకసారి నన్నే అడిగింది.

మిగిలినదంతా ఆమె ఒంట్లో ఉండేది. ఏ కాగితం ఇచ్చినా నిలువునా మడిచి ఎడమ చేతి వేళ్ళ సందున పెట్టుకునేది. పై అంతస్తుకు వెళ్ళే లిఫ్ట్ తలుపులు మూసుకోగానే, తనకు తెలియకుండానే, గోడ మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టేది. రెండు దెబ్బలంటే పోనివ్వమని. ఒక్కటంటే ఆపమని. ఇది నాకు ఆమే చెప్పింది. భోజనాల వేళ అందరినీ హాలుకు నడిపించేటప్పుడు అందరికంటే వెనక ఉండి, తలలు లెక్కపెట్టుకుంటూ, "ముందుకు జరుగుండ్రి, ముందల జాగ ఉన్నది," అనేది. పదకొండు మంది అమెరికన్లు, ఒక్క ముక్క అర్థం కాకుండానే, ముందుకు జరిగేవారు.

వాళ్ళలో నౌకాదళంలో పనిచేసిన ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయనను కూడా ఆమె తెలుగులోనే "ఏడికి?" అని అడిగేది. ఆయన నిటారుగా నిలబడి "నార్ఫోక్" అనేవాడు. ఒకనాడు అడిగితే నోరు తెరిచాడు గాని ఊరి పేరు రాలేదు. ఆమె ఆయన మోచేయి పట్టుకుని కుర్చీ చూపించి, "తెల్వకపోతే కూసోండి. యాదికొచ్చినంక చెప్దురు గని," అంది. ఆయన కూర్చున్నాడు. మతి తప్పిన మనుషులతో ఎలా మాట్లాడాలో చెప్పే పుస్తకాలు అప్పటికి నేను ఆరు చదివాను. ఈ వాక్యం వాటిలో లేదు.

పిల్లలను సాకినట్టు సాకుతున్నారని ఒకసారి మెచ్చుకోబోయాను. ఆమెకు నచ్చలేదు. "వీళ్ళు పిల్లలు కారు మేడం. పిల్లలకు తెల్వనిది నేర్పుతం. వీళ్ళు తెలిసింది ఒక్కొక్కటి దించుకుంట పోతున్నరు. తొందర పెట్టొద్దు."

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

మా అమ్మ ముప్ఫై మూడేళ్ళు తెనాలిలో ఉన్నత పాఠశాల పిల్లలకు తెలుగు చెప్పింది. ఇంట్లో 'వెళ్తున్నాను' అనే మాట నిషిద్ధం. బడికి బయలుదేరుతూ నేను ఆ మాట అంటే గుమ్మం దగ్గరే ఆపి, "వెళ్తానేమిటే? వెళ్ళొస్తానను," అని చెప్పించి, నేను చెప్పాకే పంపేది. ఒకసారి నేను పంతం పట్టి చెప్పలేదు. బడి గంట కొట్టేదాకా గుమ్మంలోనే నిలబెట్టింది. మొదటి పీరియడ్ పోయింది. వెళ్తున్నానని చెప్పి వెళ్ళేది ఒక్క ప్రయాణానికేనని, అందుకే బతికున్న వాళ్ళు వస్తానని చెప్పి వెళ్తారని అమ్మ చెప్పేది. యాభై నాలుగేళ్ళ వయసులో, వర్జీనియాలో, అంకెల తాళం ఉన్న తలుపు దగ్గర నిలబడి, వారానికి మూడు రోజులు నేను ఆ పాఠమే అప్పజెబుతున్నాను: "వస్తానమ్మా."

2023 జనవరి 19, గురువారం, ఉదయం 10 గంటలకు అక్కడి నర్సింగ్ మేనేజరు నన్ను సమావేశానికి పిలిచింది. మంచి మనిషే. నా ముందు ఒక కాగితాల దొంతర పెట్టింది. అమ్మ ప్రవర్తన గురించి సిబ్బంది రాసిన రోజువారీ నమోదు అది. పేజీ తరువాత పేజీలో ఒకే మాట: 'ఎగ్జిట్ సీకింగ్'. బయటపడే ప్రయత్నం. అమ్మ కోటు వేసుకుని తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంటోంది, లెమ్మంటే లేవడం లేదు, బలవంతం చేస్తే ఏడుస్తోంది, రాత్రి భోజనం సగం రోజులు ముట్టడం లేదు. రెండు వారాలు చూస్తామని, తగ్గకపోతే డాక్టరు శాంతపరిచే మందు మొదలుపెడతారని చెప్పింది. ఆ మందు వేసుకుంటున్న ఒక ఆవిడ కిటికీ దగ్గరి బల్ల ముందు గడ్డం ఛాతీకి ఆనించుకుని కూర్చుని ఉండడం నేను వెళ్ళినప్పుడల్లా చూస్తున్నదే. ఆవిడ ఎదురుగా పెట్టిన జావ ఎప్పుడూ చల్లగానే ఉండేది.

నాకు పద్నాలుగు రోజులు ఉన్నాయి. కంపెనీలో నా పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం. జనవరి 24, మంగళవారం, అమ్మ టీవీ ముందు ఉండగా పక్క గదిలో బల్ల మీద ఆ నమోదు నకలు ఒకవైపు, నా డైరీ ఒకవైపు పెట్టుకుని తేదీలు సరిచూస్తున్నాను. ఆమె విరామంలో ఉంది. ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని నా ఎదురుగా కూర్చుంది.

"లెక్క తేలిందా మేడం?"

"చేరినప్పటి నుంచి నేను ముప్ఫై ఏడు సార్లు వచ్చాను. అందులో ముప్ఫై నాలుగు రోజులు, సరిగ్గా నేను వెళ్ళిన తరువాతే, అమ్మ తలుపు దగ్గర కూర్చుంది. నేను రాని రోజుల్లో కూర్చోలేదు. అంటే నేను రావడమే తప్పని అర్థం."

"మరి ఆ మూడు దినాలు?"

"ఆ మూడు రోజులూ అమ్మ నిద్రపోతోంది. లేపకుండా వెళ్ళిపోయాను."

ఆమె టీ మూత కింద పెట్టింది.

"మిగిలిన దినాలల్ల పోయేటప్పుడు ఏమని పోతరు?"

"అందరూ అనేదే. వస్తానమ్మా అని."

ఆమె ఆ దొంతరలోంచి ఒక కాగితం లాగి, అలవాటుగా నిలువునా మడిచి, దానితో బల్ల మీద కొట్టింది.

"వస్తానంటరు. రారు. ఎగ్జిట్ సీకింగ్ అని రాసిన్రు చూడు! ఎగ్జిట్ ఎవరికి గావాలె? ఆమె బయటికి పోతలేదు మేడం. మీరు లోపటికి వస్తరని కూసున్నది."

అమ్మ నాకు నేర్పిన మాట అది. ఆ మాటలోని మర్యాద అమ్మలోంచి ఎప్పుడో జారిపోయింది. మిగిలింది మాట ఒక్కటే. కూతురు వస్తానంది. కనుక వస్తుంది. కోటు వేసుకుని సిద్ధంగా ఉండాలి. నేను ఆ నమోదులోని నిమిషాలన్నీ కూడాను. ముప్ఫై నాలుగు రోజులకు డెబ్బై ఒక్క గంటల ఇరవై నిమిషాలు.

ఆ రోజే ఆమె జగిత్యాల బస్‌స్టాండులో జరిగిన సంగతి చెప్పింది. డ్యూటీ దిగి ఇంటికి పోతుంటే మూట పట్టుకున్న ఒక ముసలామె ఆఖరి బస్సు వస్తుందా అని అడిగిందట. బస్సు రద్దయిందో లేదో ఈమెకు తెలియదు. ఇంటికి వెళ్ళే తొందరలో, "వస్తది, కూసో," అందట. మర్నాడు పొద్దున డ్యూటీకి వస్తే ముసలామె అదే చెక్క బల్ల మీద, అదే మూటతో, అదే వైపు చూస్తూ ఉంది.

"తిట్టింది అనుకుంటున్నరా? తిడితే మంచిగుంటుండె. నన్ను చూసి నవ్వి, 'వచ్చిందా బిడ్డా?' అన్నది. అప్పటి సంది నేను ఒట్టు పెట్టుకున్న మేడం. రాని బస్సుకు టైం చెప్పొద్దు."

ఆమె డ్యూటీ ముగించుకుని వెళ్ళేటప్పుడు ఎవరికీ ఏమీ చెప్పదని, నవ్వి తల ఊపి తలుపు దాటుతుందని నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. పొగరనుకున్నాను అంతకు ముందు.

"అయితే నేనేమనాలి? వెళ్తున్నాననా? కన్నతల్లితోనా?"

"అట్ల గూడ వద్దు. మీరు ఏం అనకుండ్రి. ఆమెతోటి అనిపియ్యాలె."

జనవరి 29, ఆదివారం, 3 గంటల 30 నిమిషాలకు నేను లేచి నిలబడ్డాను. ఆమె అమ్మ కుర్చీ పక్కన వంగింది.

"టీచరమ్మా, బండి నిండింది. మీ బిడ్డ ఎక్కింది. మీరు రైట్ అనేదాక డ్రైవర్ కదిలిస్తలేడు."

"నేనా?" అంది అమ్మ.

"మరి ఎవరు? నా గొంతు పోయింది ఇయ్యాల."

అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. తరగతి గదిలో ఆలస్యంగా వచ్చిన పిల్లను లోపలికి రానివ్వాలా వద్దా అని చూసినట్టు చూసింది. కుర్చీ చేతి మీద వేలితో రెండు దెబ్బలు కొట్టి, "రైట్," అంది.

నేను తలుపు దాటి అద్దంలోంచి చూశాను. అమ్మ అప్పటికే కిటికీ వైపు తిరిగింది. ఆనాటి నమోదులో ఏమీ రాయలేదు. నా డైరీలో '0 ని.' అని ఉంది. దాని కింద, కారులో పన్నెండు నిమిషాలు కూర్చుండిపోయానని ఉంది. జీవితంలో అంతవరకు నేను అమ్మను విడిచి వెళ్ళాను. ఆ రోజు మొదటిసారి అమ్మ నన్ను పంపింది.

మందు మొదలుపెట్టలేదు. ఆ తరువాత ఏడాదిన్నరకు పైగా అదే పద్ధతి. రెండు వందల నలభై ఒక్క సార్లు అమ్మ నాకు రైట్ చెప్పింది. నౌకాదళం పెద్దాయన కూడా నేర్చుకుని, తన కుర్చీ మీద రెండు దెబ్బలు కొట్టి, గట్టిగా "రైట్, రైట్!" అనేవాడు. నేను రెండు బస్సులెక్కినట్టు బయటికి వచ్చేదాన్ని.

వాళ్ళిద్దరి మధ్య వ్యాకరణం తగువు ఒకటి నడిచేది. అమ్మలో అన్నీ తగ్గుతున్నా మాట దిద్దే చెవి మాత్రం చాలాకాలం ఉంది.

"ఏడికి కాదు. ఎక్కడికి," అనేది అమ్మ.

"అన్ని అక్షరాలు పెడితే స్టాప్ దాటిపోతది టీచరమ్మా."

అమ్మ నవ్వేది. ప్రతిసారీ కొత్తగా నవ్వేది. ఆమె ప్రతిసారీ కొత్తగా చెప్పేది. అది తేలికైన పని కాదని ఇప్పుడు తెలుస్తోంది.

2024 మార్చి 21న నేను గదిలోకి అడుగుపెట్టగానే అమ్మ తల ఎత్తి, "ఏడికి?" అని నన్నడిగింది. ఆ గొంతు అమ్మదే. మాట మాత్రం అమ్మది కాదు. తెనాలి నోట జగిత్యాల. ఆమె తలుపు దగ్గర నిలబడి, నోటికి చేయి అడ్డం పెట్టుకుని, "ఖతం, టీచరమ్మ ఫెయిల్!" అని నవ్వింది.

సెప్టెంబరు 12, గురువారం. సాయంత్రం 4 గంటలకు ఆమె డ్యూటీ ముగిసింది. నేను ఆ రోజు ఇంకా అక్కడే ఉన్నాను. అమ్మ చేయి పట్టుకుని కారిడార్‌లో నడిపిస్తూ తలుపు దాకా వచ్చాము. ఆమె కోటు వేసుకుని ఉంది. రేపు చిన్న ఆపరేషన్ ఉందని, కడుపులో ఏదో గడ్డ ఉందన్నారని, రెండు వారాల్లో చేరిపోతానని మామూలుగా చెప్పింది. ఎవరు తోడు ఉంటారని అడిగాను. కూతురు సెలవు పెట్టిందంది. తలుపు మీద నాలుగు అంకెలు నొక్కింది. తలుపు తెరుచుకుంది. అప్పుడు వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూసింది.

"వస్తా," అంది.

తలుపు మూసుకుంది. డైరీలో ఇలా ఉంది: '4:05. వస్తా అంది. ఎవరితో?'

నాతో అనుకున్నాను. ఆరోగ్యంగా ఉన్న మనిషితో అనే మర్యాద మాటే కదా. కాని అమ్మ చేయి నా చేతిలోంచి జారింది. అమ్మ వెళ్ళి తలుపు పక్కన కుర్చీలో కూర్చుంది.

మర్నాడు ఆపరేషన్‌లో అది చిన్నది కాదని తెలిసింది. ఇవన్నీ తరువాత విన్నవి. నాకు ఆ రోజుల్లో తెలిసింది ఒక్కటే, నమోదులో మళ్ళీ 'ఎగ్జిట్ సీకింగ్' అన్న మాట వచ్చిందని. నేను వెళ్ళేటప్పుడు అమ్మ ఎప్పటిలాగే రైట్ చెబుతోంది. నేను వెళ్ళాక మళ్ళీ ఆ కుర్చీలోకే వస్తోంది. నేను రాని రోజుల్లో కూడా. నా పేరు మరిచిపోయిన మనిషి, పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తులేని మనిషి, "టికెట్టామె వస్తానంది," అని మూడో వారంలోనూ చెబుతోంది. జ్ఞాపకం ఎక్కడ పట్టుకుని ఉంటుందో నేను చదివిన ఆరు పుస్తకాల్లో లేదు. మేనేజరు అక్టోబరు 10కి సమావేశం పెట్టింది. ఎందుకో నాకు తెలుసు.

అక్టోబరు 2, బుధవారం, ఆమె పోయింది. 5వ తేదీ శనివారం అంత్యక్రియలు. ఊరి చివర ఫ్యునరల్ హోమ్‌లో నలభై కుర్చీలు వేశారు, ముప్ఫై ఒకటి నిండాయి. ఆమెకు పట్టుచీర కట్టారు. చెవి వెనక పెన్ను లేదు. పెట్టమని ఎవరితో అనాలో తెలియలేదు.

ఆమె కూతురు నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి.

"మీరు టీచరమ్మ వాళ్ళ అమ్మాయి కదా ఆంటీ? మమ్మీ రోజూ చెప్తుండె, మీ అమ్మగారి గురించి."

"చివర్లో మాట్లాడారా?"

"లేదు ఆంటీ, గొంతులో ట్యూబ్ ఉండె. కానీ వేలితోటి మంచం కమ్మీ మీద కొడుతుండె. నర్స్ వచ్చి పెయిన్ ఉందా, వాటర్ కావాలా అని అన్నీ అడిగింది. పెయిన్ కాదది." ఆ అమ్మాయి వేలితో కుర్చీ మీద ఒకసారి కొట్టి చూపించింది. "ఒక్కటే దెబ్బ ఆంటీ. మళ్ళా కొంచెంసేపటికి ఒక్కటే దెబ్బ. ఒక్కటంటే ఆపుమని కదా? ఏడ దిగాలనుకున్నదో."

నేను ఆ పిల్ల చేయి పట్టుకున్నాను. చావు జరిగిన చోటు నుంచి బయలుదేరేటప్పుడు వస్తానని చెప్పకూడదు. అదీ అమ్మ నేర్పినదే. ఏమీ చెప్పకుండా బయటికి వచ్చాను. ఆమె రోజూ మా దగ్గర నుంచి వెళ్ళినట్టు.

మర్నాడు ఆదివారం, అక్టోబరు 6. మధ్యాహ్నం 3 గంటలకు వెళ్ళేసరికి అమ్మ తలుపు పక్కన కోటుతో కూర్చుని ఉంది. గుండీలు ఒక రంధ్రం తప్పి ఉన్నాయి. రెండేళ్ళ క్రితం అయితే నేను తేదీతో, ఆసుపత్రి పేరుతో నిజం చెప్పేదాన్ని. అమ్మ ఏడ్చేది. ఒక గంట తరువాత మళ్ళీ అడిగేది. మళ్ళీ చెప్పేదాన్ని. అమ్మ ముందు ఆమె ఎన్నిసార్లు చనిపోయేదో.

నేను అమ్మ కుర్చీ పక్కన, ఆమె వంగినట్టే, వంగాను.

"అమ్మా, టికెట్టామె బస్సు ఎక్కేసింది. నువ్వు రైట్ చెప్పలేదని ఆగి ఉంది."

అది అబద్ధమా అని నేను అప్పుడు ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, కాదేమో.

అమ్మ తలుపు వైపు చూసింది. అద్దంలో పార్కింగ్‌లో నా కారు, దాని మీద రాలిన ఎర్రటి ఆకులు. చేయి ఎత్తి కుర్చీ చేతి మీద ఒక దెబ్బ కొట్టింది. రెండోది కొట్టలేదు. వేలు గాలిలో ఆగిపోయింది. ఒక్క దెబ్బంటే ఏమిటో నాకు తెలుసు. ముందు రోజు విన్నది నా చెవిలో ఉంది. ఆ వేలిని చూస్తూ ఉండిపోయాను.

అమ్మ నా వైపు తిరిగింది.

"ఏడికి?"

ఏ ఊరి పేరు చెప్పినా చెల్లేది. జగిత్యాల అనవచ్చు. తెనాలి అన్నా నమ్మేది. నోట్లోంచి రాలేదు.

"తెలియదమ్మా," అన్నాను.

అమ్మ నన్ను చాలాసేపు చూసింది. తరువాత, పక్కన ఎవరికో దారి చెబుతున్నంత తేలికగా, ఆమె గొంతులోని ఆ విరుపుతో సహా, అంది:

"తెల్వకపోతే కూసొమ్మను. యాదికొచ్చినంక చెప్తది."

రెండో దెబ్బ కొట్టింది. "రైట్."

లేచింది. కోటు నేను విప్పాను. భోజనాల హాలు వైపు నా ముందు నడిచింది. తలుపు వైపు తిరిగి చూడలేదు. నేను చూశాను.

ఆ తరువాత అమ్మ ఆ కుర్చీలో కూర్చోలేదు. 10వ తేదీ సమావేశం అయిదు నిమిషాల్లో ముగిసింది. కుర్చీ ఎందుకని సిబ్బంది దాన్ని కిటికీ దగ్గరకు మార్చారు. ఇప్పటికీ నేను గదిలోకి వెళ్ళినప్పుడల్లా అమ్మ "ఏడికి?" అంటుంది. అంటున్నది అమ్మో ఆమో, నేను తల ఎత్తి చూస్తే గాని తెలియని రోజులున్నాయి. మా ఆఫీసు లిఫ్ట్ తలుపులు మూసుకోగానే నా వేలు గోడ మీద రెండుసార్లు కొడుతోందని ఈ మధ్యే గమనించాను.

మొత్తం ఇలా తేలింది.

పోయినవి: నా మాట వల్ల అమ్మ ఎదురుచూసిన గంటలు, డెబ్బై ఒకటి, ఇరవై నిమిషాలు. ఆమె మాట వల్ల ఎదురుచూసిన రోజులు, ఇరవై అయిదు. అమ్మ వ్యాకరణం. నా పేరు. ఒక మనిషి.

ఉన్నవి: వాడని మందు. కిటికీ దగ్గర ఒక కుర్చీ. రెండు దెబ్బలు. 'ఏడికి' అన్న మాట ఒకటి, అమ్మ నోట్లో.

తేలనిది: సెప్టెంబరు 12, 4:05. ఆ పేజీ మీద ప్రశ్నార్థకం అలాగే ఉంది. ఆ ఇరవై అయిదు రోజుల్లో తలుపు వైపు చూసిన వాళ్ళు ఇద్దరు.